ఇద్దరి కష్టం, ఒకే గల్లాపెట్టె: దంపతులు కలిసి నడిపే వ్యాపారంపై తరచుగా అడిగే ప్రశ్నలు

టిఫిన్ సెంటర్, కిరాణా కొట్టు, మందుల దుకాణం, మగ్గం, పచ్చళ్ల తయారీ, బట్టల కొట్టు, కోళ్ల ఫారం. మన ఊళ్లలో భార్యాభర్తలు కలిసి నడిపే వ్యాపారాలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇలాంటి చిన్న వ్యాపారుల లెక్కలు, రిటర్నులు చూడటం నా వృత్తి. పదేపదే ఎదురయ్యే ప్రశ్నలకు సమాధానాలు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. వీటిలో చాలా ప్రశ్నలు అడగాల్సిన సమయం దాటాక వస్తాయి. భర్త చనిపోయాక, బ్యాంకు నోటీసు గోడకు అంటించాక, పెద్దమనుషుల్లో పంచాయితీ మొదలయ్యాక వస్తాయి. కాపురమూ వ్యాపారమూ సవ్యంగా ఉన్న రోజుల్లోనే ఇద్దరూ కలిసి కూర్చుని చదవాలని కోరుకుంటూ రాశాను.

నా భార్య రోజంతా దుకాణంలోనే ఉంటుంది. కాగితాల మీద ఆమె పేరు లేకపోతే వచ్చే నష్టం ఏమిటి?

చట్టం దృష్టిలో ఆమె ఆ వ్యాపారంలో లేనట్టే. తెల్లవారుజామున లేచి పిండి రుబ్బి, పెనం ముందు నిలబడి, కూరగాయల బేరం చూసి, రాత్రి గల్లా లెక్కపెట్టే మనిషికి ఆ హోటలులో ఉద్యోగిగా గుర్తింపు ఉండదు, యజమానిగానూ ఉండదు. ఆమె పేరున ఆదాయం కనబడదు కాబట్టి బ్యాంకులో అప్పు పుట్టదు. రోడ్డు ప్రమాదంలో గాయపడితే పరిహారం లెక్కకట్టేటప్పుడు సంపాదన చూపడానికి కాగితం ఉండదు. ఇరవై ఏళ్లు నడిపిన కొట్టు గురించి ఆమె చేతిలో ఒక్క ఆధారమూ మిగలదు.

ప్రభుత్వ శ్రామికశక్తి సర్వేల్లో ఇలాంటివారి కోసం ఒక వర్గమే ఉంది: కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకులు. చేనేతను చూడండి. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని 35.22 లక్షల మంది చేనేత కార్మికుల్లో సుమారు 72 శాతం స్త్రీలు. అయినా పోచంపల్లి చీర అనగానే మనకు తోచేది మగ్గం మీద కూర్చున్న మగమనిషి. కండెలు చుట్టేది, నేతకు ముందు మేకుల చుట్టూ దారం చుట్టి ఆసు పోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. ఒక్క చీరకే వేల సార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం యంత్రం తయారుచేశారు. తల్లి లక్ష్మి పేరే దానికి పెట్టారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లిలాగే జీవితమంతా ఆసు పోసిన స్త్రీలలో ఆ పనికి విడిగా కూలి చూసినవారు అరుదు.

భార్య పేరు కాగితం మీదికి ఎక్కించడానికి దారులు చాలా ఉన్నాయి. భాగస్వామిగా, జీతగాళ్లలో ఒకరిగా, అప్పు ఇచ్చిన వ్యక్తిగా, డైరెక్టరుగా. ఏది తగినదన్నది మీ లాభం, అప్పులు, పిల్లల వయసు మీద ఆధారపడి ఉంటుంది. ఏదో ఒకటి ఉండి తీరాలన్నది మాత్రం నా గట్టి అభిప్రాయం.

సొంత వ్యాపారం, భాగస్వామ్యం, ఎల్‌ఎల్‌పీ, ప్రైవేట్ లిమిటెడ్: మాకు ఏది సరిపోతుంది?

ఒక్కరి పేరున సొంత వ్యాపారం, అంటే ప్రొప్రైటర్‌షిప్, అన్నిటికన్నా తేలిక. ఆ వ్యక్తి పాన్ మీదే రిటర్ను. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో రూ. 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. కాబట్టి ఏడాదికి ఆరేడు లక్షలు మిగిలే కొట్టుకు కేవలం పన్ను కోసం భాగస్వామ్య సంస్థ పెట్టనవసరం లేదు. అలాంటిచోట భార్య హక్కును కాపాడటానికి వేరే పద్ధతులు ఉన్నాయి, కింద చెబుతాను.

భాగస్వామ్య సంస్థ 1932 నాటి చట్టం కింద నడుస్తుంది. ఇద్దరి పేర్లూ ఉంటాయి, ఇద్దరికీ లెక్కలు అడిగే హక్కు ఉంటుంది. చిక్కు రెండుచోట్ల. ఒకటి, సంస్థ లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. రెండు, సంస్థ అప్పులకు భాగస్వాముల సొంత ఆస్తులూ బాధ్యత వహించాలి. సామాన్యంగా భార్యాభర్తల సొంత ఆస్తి అంటే ఉన్న ఒక్క ఇల్లే. ఇద్దరూ భాగస్వాములైతే ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నా అప్పులవాళ్ల చేతికి అందుతుంది.

2008 చట్టం కింద వచ్చిన ఎల్‌ఎల్‌పీలో, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యంలో, బాధ్యత పెట్టుబడి మేరకే పరిమితం. పన్ను మాత్రం భాగస్వామ్య సంస్థలాగే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు వాటాదారులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. దంపతులతోనే ఆ సంఖ్య పూర్తవుతుంది. ఏటా ఆడిట్, వార్షిక పత్రాల ఖర్చు తప్పదు. హైదరాబాదులో 1996లో కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా దంపతులు స్థాపించిన భారత్ బయోటెక్ ఇలా కంపెనీగా ఎదిగిందే. 2022లో పద్మభూషణ్ ఇద్దరికీ కలిపి వచ్చింది. ఆ స్థాయి అందరికీ రాదు. కానీ మొదటి రోజునుంచే ఇద్దరూ స్థాపకులుగా రికార్డుల్లో ఉండటం చిన్న సంస్థకైనా సాధ్యమే.

నా సలహా సూటిగా: చుట్టుపక్కల వాళ్లకే అమ్మే, అప్పు లేని కొట్టుకు సొంత వ్యాపారం చాలు. పెద్ద అప్పు, పనివాళ్లు, టోకు సరఫరా ఉన్నచోట ఎల్‌ఎల్‌పీ గాని కంపెనీ గాని. మామూలు భాగస్వామ్య సంస్థను దంపతులకు నేను ఆఖరి ఎంపికగానే చెబుతాను. ఎందుకో మరణం గురించిన ప్రశ్నలో తెలుస్తుంది.

వ్యాపారం భార్య పేరున పెట్టి భర్త నడపవచ్చా?

పెట్టవచ్చు, చాలామంది పెడుతున్నారు. భర్తకు పాత అప్పులుండి రుణ చరిత్ర పాడవడమో, ఆయన ఉద్యోగంలో ఉండటమో, మహిళలకిచ్చే రాయితీయో కారణం అవుతుంది. ఉద్యోగస్తులు ముందుగా తమ సర్వీసు నిబంధనలు చూసుకోవాలి. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా భార్య పేరు చాటున వ్యాపారం చేయడం శాఖాపరమైన చర్యకు దారితీస్తుంది.

ఇక్కడ భార్యలకు ఒక మాట చెప్పాలి. మీ పేరున జీఎస్టీ నంబరు, కరెంట్ ఖాతా ఉన్నాయంటే యజమాని మీరే. పన్ను ఎగవేత కనబడితే సమన్లు మీకే. ఆ ఖాతా మీద మీరు సంతకం చేసి ఇచ్చిన చెక్కు చెల్లకపోతే నోటీసు మీకే వస్తుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద, నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసు పెట్టవచ్చు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. "ఆయన సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అన్న జవాబు కోర్టులో మిమ్మల్ని బయటపడేయదు.

కాబట్టి ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి బీరువాలో పెట్టకండి. ఫోను మీ దగ్గరే ఉండాలి, ఓటీపీలు మీకే రావాలి. మూడు నెలలకోసారి జీఎస్టీ రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంటు మీరే తెరిచి చూడండి. అర్థం కాకపోతే లెక్కలు రాసేవారిని అడగండి, చెప్పడం మా బాధ్యత. యజమాని అయిన స్త్రీ మా గదికి ఒక్కసారైనా రాకుండా ఏళ్లు గడిచిపోయే సంస్థలను చూస్తే నాకు భయం వేస్తుంది.

ఇద్దరి పేర్లతో రెండు దుకాణాలుగా చూపించి జీఎస్టీ పరిమితి తప్పించుకోవచ్చా?

సరుకులు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ. 40 లక్షలు, తెలంగాణలో రూ. 20 లక్షలు. సేవలకు రెండుచోట్లా రూ. 20 లక్షలే. భార్యాభర్తలకు నిజంగా వేరువేరు వ్యాపారాలుంటే, ఆయనకు హార్డ్‌వేర్, ఆమెకు టైలరింగ్ అన్నట్టు, ఎవరి పరిమితి వారిదే. ఒకే గది, ఒకే సరుకు, ఒకే పనివాళ్లు, మధ్యలో రెండు బిల్లు పుస్తకాలు ఉంటే అధికారి దాన్ని ఒకే వ్యాపారంగా లెక్కగట్టి వడ్డీతో సహా అడుగుతారు. ఆ దారి వద్దు.

భార్యకు జీతం ఇచ్చి ఖర్చుగా రాసుకోవచ్చా?

ఇవ్వవచ్చు. అయితే పన్ను చట్టంలో ఒక నిబంధన ఉంది. వ్యాపారంలో 20 శాతం లేదా అంతకు మించిన వాటా ఉన్న వ్యక్తి తన భార్యకు (లేదా భర్తకు) ఆ వ్యాపారం నుంచి జీతం ఇస్తే, ఆ జీతాన్ని వాటా ఉన్న వ్యక్తి ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు. 1961 చట్టంలో ఇది 64వ సెక్షన్. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి, సూత్రం మారలేదు.

దీనికి మినహాయింపు ఉంది, చాలామందికి తెలియదు. జీతం పొందేవారికి సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ పరిజ్ఞానంతో చేసిన పనికే జీతం వస్తుంటే కలపరు. మందుల దుకాణం దీనికి చక్కని ఉదాహరణ. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ చూసి మందులు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టు. భార్య బీఫార్మసీ చదివి కౌన్సిల్‌లో నమోదై, రోజూ కౌంటర్‌లో ఉండి మందులు ఇస్తుంటే ఆమె జీతం ఆమె ఆదాయమే. సర్టిఫికెట్ గోడకు వేలాడుతూ ఆమె ఇంట్లో ఉంటే ఈ వాదన నిలవదు, మందుల లైసెన్సుకూ ముప్పే.

అర్హత లేని భార్యకు జీతం ఇస్తే పన్ను ఆదా కాదు, అంతమాత్రాన ఇవ్వడం తప్పూ కాదు. నెలనెలా ఆమె సొంత ఖాతాలోకి బ్యాంకు ద్వారా పడే జీతం ఆమె పనికి నిలిచే రుజువు. పన్ను పెరగనప్పుడు ఈ పద్ధతి ఎందుకు పాటించరో నాకు అర్థం కాదు.

మేమిద్దరం భాగస్వాములం. ఇద్దరం జీతం తీసుకోవచ్చా?

ఒప్పందపత్రంలో రాసి ఉంటేనే. రాయకపోతే 1932 చట్టం ప్రకారం ఏ భాగస్వామికీ జీతం లేదు, లాభం మాత్రం సమానంగా పంచుకోవాలి. పన్ను లెక్కలో అనుమతించే పరిమితి 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి పెరిగింది: పుస్తక లాభంలో (భాగస్వాముల జీతం తీయకముందు లెక్కల్లో తేలే లాభంలో) మొదటి రూ. 6 లక్షల మీద రూ. 3 లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆపై మొత్తం మీద 60 శాతం.

లెక్క చేసి చూద్దాం. పుస్తక లాభం రూ. 10 లక్షలు. మొదటి ఆరు లక్షల మీద 5.4 లక్షలు, మిగతా నాలుగు లక్షల మీద 2.4 లక్షలు, మొత్తం 7.8 లక్షలు జీతంగా తీసుకోవచ్చు. మిగిలిన 2.2 లక్షల మీద సంస్థ 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి రూ. 68,640 కడుతుంది. ఆ పన్ను కట్టాక భాగస్వాములు పంచుకునే లాభం వారి చేతిలో మళ్లీ పన్నుకు గురికాదు.

ఈ జీతం నిజంగా పనిచేసే భాగస్వామికే. పేరుకు మాత్రమే ఉన్న భార్యకు రాస్తే తిరస్కరిస్తారు. పై ప్రశ్నలో చెప్పిన కలిపే నిబంధనను ఇక్కడా లేవనెత్తే అవకాశం ఉంది కాబట్టి ఆమె ఏ పని చూస్తుందో పత్రంలోనే స్పష్టంగా రాయించండి. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి ఏడాదిలో రూ. 20,000 దాటి ఇచ్చే జీతం, వడ్డీ, కమీషన్ మీద సంస్థ 10 శాతం టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే కోసే పన్ను, పట్టుకోవాలి. ఇంట్లో ఇద్దరే కదా అని వదిలేసే సంస్థలు దీన్నే మరచిపోతున్నాయి.

దుకాణం పెట్టుబడికి నా బంగారం ఇచ్చాను. దాన్ని ఎలా రాయాలి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. అడగాల్సినవారు మాత్రం చాలామంది. పుట్టింటివారు పెట్టిన నగలు స్త్రీధనం. అది ఆమె సొంత ఆస్తి అని, భర్తకు అందులో యాజమాన్యం లేదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తేల్చింది. అయినా మన దగ్గర ఎన్నో కొట్లు గాజులు, హారాలు తాకట్టు పెట్టి మొదలైనవే. ఆ డబ్బు గల్లాలోకి వెళ్లిన మరుక్షణం ఎవరిదో చెప్పే అక్షరం ఎక్కడా ఉండదు.

పుస్తకాల్లో ఆమె పేరున ఒక ఖాతా తెరవండి. సొంత వ్యాపారమైతే "భార్య నుంచి అప్పు", భాగస్వామ్యమైతే ఆమె పెట్టుబడి. తాకట్టు రసీదు, వచ్చిన మొత్తం, తేదీ రాయండి. డబ్బు బ్యాంకు ద్వారానే వ్యాపార ఖాతాలోకి వెళ్లాలి. నగ అమ్మితే మూలధన లాభంపై పన్ను ప్రశ్న వస్తుంది, తాకట్టు పెడితే రాదు. అప్పుగా రాసినదానికి న్యాయమైన వడ్డీ కూడా ఇవ్వవచ్చు, అది వ్యాపారానికి ఖర్చు, ఆమెకు ఆదాయం. సొమ్ము ఆమెదే కాబట్టి ఆ ఆదాయాన్ని భర్త లెక్కలో కలపరు.

భర్త ఇచ్చిన డబ్బును భార్య పెట్టుబడిగా చూపితే మాత్రం కథ వేరు. దంపతుల మధ్య కానుకకు పన్ను లేదు, కానీ ఆ సొమ్ము మీద వచ్చే ఆదాయం ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది.

బ్యాంకు అప్పుకు ఇద్దరూ సంతకం చేయాలంటున్నారు. చేయాలా?

చాలా సందర్భాల్లో బ్యాంకు పట్టుబడుతుంది, తప్పదు. సంతకం దేనికి చేస్తున్నారో మాత్రం తెలుసుకోవాలి. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ఇదే చెబుతుంది. ముందు ఆయన్ని అడిగి, ఆయన ఇవ్వకపోతేనే నన్ను అడగాలన్న క్రమం లేదు. ఇల్లు తాకట్టులో ఉండి అప్పు మొండిబకాయిగా మారితే, సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనానికి దిగవచ్చు.

వీలైతే ఇల్లు పెట్టకుండా సరుకు, యంత్రాల హామీ మీద, ప్రభుత్వ పూచీ పథకాల కింద అప్పు అడగండి. ముద్ర రుణాలకు ఆస్తి హామీ అవసరం లేదు. వాటి గరిష్ఠ పరిమితి, తరుణ్ అనే శ్రేణిలో తీసుకున్న పాత ముద్ర రుణం సక్రమంగా తీర్చినవారికి, రూ. 20 లక్షలు. భర్త తీసుకోదగ్గ ఇంకొక జాగ్రత్త 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద జీవిత బీమా. పాలసీ తీసుకునేటప్పుడే ఆ చట్టం కింద భార్యాపిల్లల పేరున రాయిస్తే ఆ సొమ్ము అప్పులవాళ్లకు చెందదు. మామూలు పాలసీకి ఉన్న రుసుమే దీనికీ. ఒక్క పత్రం అదనం. వ్యాపారి అయిన ప్రతి భర్తా ఇది చేయాలి.

మహిళ పేరున ఉంటే ప్రభుత్వ సాయం ఎక్కువా?

కొన్ని పథకాల్లో అవును, సాధారణంగా ఆమెకు 51 శాతం వాటా ఉండాలన్న షరతుతో. చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. తెలంగాణలో 2018 నుంచి వీ హబ్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ మహిళా వ్యాపారులకు శిక్షణ, మార్గదర్శనం ఇస్తోంది. సాయం కోసం పేరు మార్చేముందు పైన యజమాని బాధ్యతల గురించి రాసింది మళ్లీ చదవండి.

ఇంటి డబ్బు, కొట్టు డబ్బు ఎలా వేరుచేయాలి?

గల్లాలోంచి పాల డబ్బులు, స్కూలు ఫీజు, చిట్టీ వాయిదా తీయడం మొదలైతే వ్యాపారం లాభంలో ఉందో నష్టంలో ఉందో దేవుడికి కూడా తెలియదు. నెలకు ఇంటికి ఇంత అని ఇద్దరూ కూర్చుని ఒక మొత్తం అనుకోండి. అది ఒకటో తారీఖున వ్యాపార ఖాతా నుంచి ఇంటి ఖాతాకు వెళ్లాలి. ఆపై గల్లా ముట్టుకోకూడదు. యూపీఐ క్యూఆర్ కూడా వ్యాపార ఖాతాకే ఉండాలి. కౌంటర్‌లో ఎవరు కూర్చుంటే వారి సొంత ఫోను నంబరుకు డబ్బులు వేయించుకునే అలవాటు లెక్కల్ని పాడుచేస్తుంది, అనుమానాలనూ పుట్టిస్తుంది. ఇద్దరికీ విడిగా, లెక్క చెప్పనవసరం లేని చేతిఖర్చు కొంత ఉండాలి. రోజంతా డబ్బు లెక్కపెట్టే స్త్రీ పుట్టింటి తమ్ముడికి బట్టలు కొనడానికి భర్త అనుమతి అడగాల్సి రావడం అన్యాయం.

పనివాళ్ల ముందు, ఖాతాదారుల ముందు మాటామాటా పెరుగుతోంది. ఏం చేయాలి?

చాలా గొడవలకు మూలం ఎవరి మాట చెల్లాలో తేల్చుకోకపోవడం. ఆమె చీరకు వెయ్యి రూపాయలని చెబుతుంది. ఆయన లోపలినుంచి వచ్చి తెలిసినవాళ్లని తొమ్మిదొందలకు ఇచ్చేస్తాడు. నష్టపోయింది వంద రూపాయలే అనిపిస్తుంది, కానీ ఆ రోజునుంచి ఖాతాదారులు ఆమె చెప్పిన ధరను ధరగా తీసుకోరు, ఆయన వచ్చేదాకా ఆగుతారు. అరువు విషయమూ అంతే. ఒకరు వద్దన్న మనిషికి మరొకరు ఇస్తే ఆ బాకీ ఇంట్లో పదేళ్లు నడుస్తుంది.

పనిని శాఖలుగా పంచుకోండి. కొనుగోలు ఒకరిది, అమ్మకం ధర ఒకరిది. పనివాళ్ల జీతాలు, సెలవులు ఒకరిది, బ్యాంకు ఒకరిది. ఎవరి శాఖలో వారిదే చివరి మాట, రెండోవారు సలహా ఇవ్వవచ్చు గాని బయటివాళ్ల ముందు కొట్టివేయకూడదు. ఒక మొత్తం దాటిన ఖర్చుకు, కొత్త అప్పుకు, బంధువులకు అరువుకు ఇద్దరి అంగీకారం తప్పనిసరి. ఇది కాగితం మీద రాసి ఉండాలి. రాసేటప్పుడే సగం భేదాలు బయటపడతాయి, అప్పుడు తేల్చుకోవడం సులువు.

పడకగదిలో సరుకు లెక్కలు మాట్లాడకూడదని చాలామంది నియమం పెట్టుకుంటారు, నిలవదు. దానికి బదులు వారంలో ఒక గంట, కొట్టు తెరవకముందు, పుస్తకాలు ముందు పెట్టుకుని మాట్లాడండి. మాట్లాడటానికి ఒక సమయం ఉందని తెలిస్తే మిగతా వేళల్లో ఆగడం వీలవుతుంది.

ఇంకొక మాట. ఇద్దరూ కొట్టులో సమానంగా పనిచేసి, ఇంటికొచ్చాక వంట, పిల్లలు, అత్తమామల మందులు ఆమె ఒక్కతే చూసుకుంటుంటే ఆ అలసట మర్నాడు కౌంటర్‌లో కోపంగా బయటికొస్తుంది. దాన్ని ఆమె స్వభావంగా లెక్కకట్టకండి. ఇంటిపనినీ పంపకంలోకి తీసుకురండి.

అత్తమామలు, మరిది కూడా ఇదే వ్యాపారంలో ఉన్నారు. నా స్థానం ఏమిటి?

మామగారి పేరున ఉన్న వ్యాపారంలో కోడలు ఎంత కష్టపడినా దానంతట హక్కు పుట్టదు. ఆయన స్వార్జితాన్ని ఆయన ఇష్టం వచ్చినట్టు వీలునామా రాయవచ్చు. అడగాల్సింది ఆస్తిలో వాటా కన్నా ముందు జీతం. ఆయన బతికి ఉండగా నెలజీతంగా ఖాతాలో పడేది ఎవరూ కాదనలేనిది. దీన్ని భర్త నోటితో అడిగిస్తే ఇంట్లో గౌరవంగా ఉంటుంది, అడగటం ఆయన ధర్మం కూడా.

ఇద్దరిలో ఒకరు హఠాత్తుగా చనిపోతే వ్యాపారం ఏమవుతుంది?

ఇద్దరే భాగస్వాములున్న సంస్థ ఒకరి మరణంతో రద్దయిపోతుంది. వారసులతో కొనసాగుతుందని ఒప్పందంలో రాసుకున్నా, మిగిలింది ఒక్కరే కాబట్టి ఆ షరతు పనిచేయదు. 1965లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. దంపతులకు మామూలు భాగస్వామ్యం ఆఖరి ఎంపిక అన్నది ఇందుకే. పద్దెనిమిది నిండిన కొడుకునో కూతురునో మూడో భాగస్వామిగా చేర్చడం ఒక పరిష్కారం. ఎల్‌ఎల్‌పీలో మిగిలినవారికి మరొకరిని చేర్చుకోవడానికి ఆరు నెలల గడువు ఉంటుంది. కంపెనీలో వాటాలు వారసులకు మారతాయి, సంస్థ ఆగదు.

భర్త పేరున సొంత వ్యాపారమైతే కరెంట్ ఖాతా మరణవార్త అందగానే నిలిచిపోతుంది. సరుకు పంపినవాళ్లకు చెక్కులు చెల్లవు. భార్య కొత్తగా జీఎస్టీ తీసుకుని, పాత నంబరులో మిగిలిన పన్ను జమను నిర్ణీత ఫారం ద్వారా మార్చుకోవాలి. వ్యాపారం కొనసాగిస్తే పాత పన్ను బాకీలూ ఆమెకే వస్తాయి. అందుకే ఇద్దరికీ చెరొక ఖాతాలో మూడు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ ఉండాలి.

ఇక ఆస్తి. వీలునామా లేకుండా హిందువు అయిన భర్త చనిపోతే అంతా భార్యదే అనుకుంటారు. కాదు. భార్య, పిల్లలు, ఆయన తల్లి, వీరికి సమాన వాటాలు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉంటే నాలుగు వాటాలు, భార్యకు దక్కేది పావు వంతు. మైనరు పిల్లల వాటాలోని స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మలేరు. ముస్లిం కుటుంబంలో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, క్రైస్తవ కుటుంబంలో మూడో వంతు. నామినీగా పేరుంటే చాలనుకోవడం ఇంకో అపోహ. సాధారణంగా నామినీ సొమ్ము అందుకునే వ్యక్తి మాత్రమే, వారసులు వేరైతే వారికి ఇవ్వాల్సిందే. కంపెనీ వాటాల విషయంలోనూ ఇంతేనని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది.

భార్య ముందు చనిపోయే సందర్భం గురించి ఎవరూ ఆలోచించరు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త, పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె స్వార్జితం ఆమె తల్లిదండ్రుల కన్నా ముందు భర్త తరఫు వారసులకు వెళుతుంది. తన కష్టార్జితంతో తల్లిని పోషిస్తున్న వితంతువు ఈ సంగతి తెలిసి తీరాలి.

మందు ఒకటే, వీలునామా. తెల్లకాగితం మీద రాసి, తాను సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టిస్తే చెల్లుతుంది. స్టాంపు కాగితం అవసరం లేదు. రిజిస్టర్ చేయిస్తే మరింత భద్రం. ఇద్దరూ విడివిడిగా రాయాలి. చావు మాట ఎత్తడం అశుభమని వాయిదా వేయకండి.

మేం విడిపోతున్నాం. వ్యాపారంలో నాకు సగం వస్తుందా?

మన దేశంలో గోవా వంటి ఒకటి రెండు చోట్ల తప్ప మరెక్కడా, పెళ్లి కారణంగానే దంపతుల ఆస్తి ఉమ్మడి అయిపోదు. భరణం, నివాస హక్కు, స్త్రీధనం తిరిగి పొందే హక్కు ఉన్నాయి. వ్యాపారంలో వాటా మాత్రం కాగితాన్ని బట్టే. భాగస్వామి అయితే లెక్కలు అడిగి, పెట్టుబడి, లాభం, గుడ్‌విల్ (వ్యాపారానికున్న పేరు) విలువలో తన వంతు తీసుకోవచ్చు. వాటాదారు అయితే వాటాలు ఆమెవే. ఏ పేరూ లేకపోతే ఏళ్ల తరబడి సాక్షులతో, పాత బ్యాంకు చీటీలతో నిరూపించుకోవాలి. భాగస్వామ్య సంస్థను రిజిస్టర్ చేయించకపోయినా చిక్కే. సంస్థ నడుస్తుండగా భాగస్వాములు ఒకరిమీద ఒకరు ఒప్పందపు హక్కుల కోసం దావా వేయలేరు, రద్దు కోరి లెక్కలు అడగడం తప్ప.

విడిపోయినా వ్యాపారం కలిసి నడిపేవారు ఉన్నారు, అది తప్పుకాదు. ఒకరు రెండోవారి వంతు కొనుక్కోవడం మంచిదనిపిస్తే విలువ ఎవరు కట్టాలో ముందే ఒప్పందంలో రాసి ఉంచండి. కోపంలో ఉన్నప్పుడు ఒకరు కట్టిన విలువ మరొకరు ఒప్పుకోరు.

అమెరికాలో ఉంటున్నాం. ఇద్దరం కలిసి కిరాణా, కేటరింగ్ పెట్టుకోవచ్చా?

ముందు వీసా చూసుకోవాలి. హెచ్-1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవారు పని అనుమతి పత్రం లేకుండా కొట్టులో పనిచేయకూడదు. 2015 నుంచి కొందరు హెచ్-4 వారికి ఆ పత్రం దొరుకుతోంది. జీతం తీసుకోవడం లేదు, మా సొంత వ్యాపారమే అన్న మాట రక్షణ కాదు. హెచ్-1బీ మీద ఉన్న భర్త కూడా తన యజమాని సంస్థకే పనిచేయాలి.

పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మరో విషయం. ఇద్దరూ చురుగ్గా పనిచేస్తూ ఉమ్మడి రిటర్ను వేస్తే, కంపెనీగా నమోదు కాని వ్యాపారాన్ని క్వాలిఫైడ్ జాయింట్ వెంచర్‌గా ఎంచుకుని చెరొక షెడ్యూల్-సీ (వ్యాపార లాభనష్టాల ఫారం) దాఖలు చేయవచ్చు. లాభమంతా భర్త పేరునే చూపితే సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు ఆయనకే చేరతాయి. సొంత రికార్డు మీద పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని కావాలి. వంటగదిలో పదేళ్లు కష్టపడిన భార్య ఖాతాలో సున్నా ఉండకూడదు.

మాకు పీఎఫ్ లేదు, పింఛను లేదు. ముసలితనానికి ఏం చేయాలి?

కొట్టు అమ్మితే వస్తుందిలే అని నమ్ముకోవద్దు. అద్దె గదిలోని చిన్న వ్యాపారానికి యజమాని తప్పుకున్నాక పెద్ద విలువ ఉండదు. ఇద్దరూ వేరువేరుగా పీపీఎఫ్ ఖాతాలు తెరవండి. ఒక్కొక్కరు ఏడాదికి రూ. 1.5 లక్షల వరకు వేసుకోవచ్చు, గడువు 15 ఏళ్లు. అప్పులవాళ్లు కోర్టు డిక్రీ తెచ్చినా ఆ ఖాతాను జప్తు చేయలేరు కాబట్టి వ్యాపారులకు అది మరీ మంచిది. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఖాతా కూడా ఎవరిది వారికే తెరుచుకోవచ్చు. ఒక నెల అమ్మకాలు తగ్గి ఒక్క ఖాతాలోనే వేయగలిగితే భార్య ఖాతాలో వేయండి. ఇద్దరిలో చిన్నది సాధారణంగా ఆమే, ఎక్కువ కాలం ఆ డబ్బుతో బతకాల్సిందీ ఆమే.